పక్కింటి పదాలు

*తెప్ప పక్కన తుపాను, గరిటె పక్కన అమ్మగారు. ఇంగ్లిష్ నిఘంటువులో ఇరుగుపొరుగు మాటలను విశాఖ కళ్లతో చదివితే...*

విశాఖ ఫిషింగ్ హార్బరు. జూన్ నెలాఖరు ఆదివారం. రెండు నెలల వేట నిషేధం ముగిసింది, బోట్లు మళ్లీ సముద్రం మీదికి వెళ్లొస్తున్నాయి. జెట్టీ మీద వంజరాలూ చందువలూ కుప్పలు పోసి వేలం పాట పాడుతున్నారు. కరిగిన ఐసు నీళ్లు చెప్పుల్లోకి వస్తున్నాయి. తిరగేసిన ప్లాస్టిక్ ట్రే మీద పదకొండేళ్ల పిల్ల ఒకతె కూర్చుంది. ఒళ్లో లావాటి పుస్తకం. ఒక్కో మాట మీద వేలు ఆనిస్తూ కిందికి దిగుతోంది.

"ఒలే, ఐసెత్తమంటే పుస్తకం అట్టుకుని కూకున్నావేటే?" తల్లి కేకేసింది.

"అమ్మా, మన తెప్ప ఇందులో ఉందే!"

"మీ నాన్న దాన్ని అమ్మీసి నాలుగేళ్లయింది. అందులోకి ఎలాగొచ్చిందే?"

"ఇంగ్లీషులో కేటమరాన్ అంట."

తల్లి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి వంగి చూసింది. ఆమెకు చదువు రాదు. కూతురి వేలు ఆగిన చోటునే కాసేపు చూసి, "దాని పక్కన ఏటుందే?" అని అడిగింది.

నిఘంటువు గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. ఈ కథనం ఆ ప్రశ్న వెంట వెళుతుంది.

కొన్నేళ్లుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పిల్లలకు బడి తెరిచే వేళ ఇచ్చే కిట్లలో సంచి, బూట్లు, బెల్టుతో పాటు నిఘంటువు కూడా చేరింది. చిన్నవాళ్లకు బొమ్మలది, పెద్ద తరగతులకు వచ్చినవాళ్లకు ఆక్స్‌ఫర్డ్‌ది. జాలరిపేటల్లో, గాజువాక సందుల్లో, నిర్వాసిత కాలనీల్లో ఎన్నో ఇళ్లకు అదే మొదటి ఇంగ్లిష్ నిఘంటువు. ఇంగ్లిష్ మీడియం ఉండాలా, తెలుగు మీడియం ఉండాలా అని 2019 నుంచి వాదించుకుంటూనే ఉన్నాం. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, పుస్తకం ఇంటికి వచ్చేసింది. దాన్ని ఎలా చదవాలో మాత్రం పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

ఒక్క పేజీలో ఊరంతా

ఆ పిల్ల చూపించిన పేజీలో మాటలు దాదాపు ఈ వరసలో ఉంటాయి: కేటలాగ్, కేటలిస్ట్, కేటమరాన్, కేటపల్ట్, కేటరాక్ట్, కెటార్, కెటాస్ట్రఫీ, కొద్దిగా కిందికి దిగితే క్యాచ్.

కేటలిస్ట్ అంటే రసాయన చర్యకు వేగం తెచ్చే ఉత్ప్రేరకం. 1957 నుంచి ఈ ఊళ్లో చమురు శుద్ధి చేస్తున్న రిఫైనరీకి అది లేనిదే రోజు గడవదు. కేటపల్ట్ అంటే రాళ్లు విసిరే యంత్రం, పిల్లల చేతిలో అయితే ఉండేలు. కేటరాక్ట్ అంటే జలపాతం, కంటి శుక్లం కూడా. కెటార్ అంటే పడిశం. కెటాస్ట్రఫీ అంటే మహా విపత్తు. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం వరకూ ఈ మాట ఇక్కడ చాలామందికి పుస్తకాల్లోదే. హుద్‌హుద్ తీరం దాటాక, ఎయిర్‌పోర్టు పైకప్పు ఊడిపోయి, కైలాసగిరి పచ్చదనం ఒక్క పూటలో మోడుబారిపోయాక, దాని అర్థం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఇక క్యాచ్ అంటే పట్టు. హార్బరులో అయితే వలకు పడిన చేప.

ఉత్ప్రేరకం, తెప్ప, శుక్లం, తుపాను, చేప. ఒకదానికొకటి సంబంధం లేని ఇన్ని విషయాలు ఒకే పేజీలో ఉండటానికి ఒకే కారణం, అన్నీ సి-ఏ-టి అక్షరాలతో మొదలవుతాయి.

ఇంకొంచెం తవ్వితే మరో సంగతి బయటపడుతుంది. కేటలాగ్, కేటలిస్ట్, కేటరాక్ట్, కెటార్, కెటాస్ట్రఫీ నిజంగానే చుట్టాలు. వీటి ముందున్న 'కటా' గ్రీకు ఉపసర్గ. చాలాచోట్ల దానికి 'కిందికి' అని అర్థం. కిందికి దూకే నీళ్లు కేటరాక్ట్, కిందికి కారే ముక్కు కెటార్, కిందికి తలకిందులైన బతుకు కెటాస్ట్రఫీ. కంటి జబ్బుకు జలపాతం పేరు ఎలా వచ్చింది? లాటిన్‌లో ఆ మాటకు కోట గుమ్మంలో పైనుంచి దిగే తలుపు అనే అర్థం కూడా ఉండేది. చూపు మీదికి తలుపు దించినట్టు అన్నమాట. శుక్లం ఆపరేషన్ చేయించుకున్న ఏ అమ్మమ్మను అడిగినా ఈ పోలిక సరిగ్గా ఉందనే అంటుంది.

కేటమరాన్ మాత్రం ఆ గ్రీకు వాళ్ల మధ్య కూర్చున్న మన మనిషి. తమిళ 'కట్టుమరం' నుంచి వెళ్లింది. కట్టిన మాను. కట్టు తెలుగులోనూ కట్టే. దుంగలను తాళ్లతో కట్టి అలల మీదికి తోసే ఆ తెప్ప పేరును తీరానికి వచ్చిన తెల్లవాళ్లు విన్నారు, రాసుకున్నారు, పట్టుకెళ్లారు. గ్రీకు వారితో ఏ చుట్టరికమూ లేకుండా, అక్షరాలు కలిశాయి కాబట్టి వాళ్ల వీధిలో ఇల్లు దొరికింది.

అమరంలో ఇరుగుపొరుగు వేరు

మన పెద్దలు నిఘంటువు చదివింది ఇలా కాదు. వల్లె వేశారు. అమరకోశంలో మాటలు అక్షర క్రమంలో ఉండవు, వర్గాలుగా ఉంటాయి. వారివర్గంలోకి వెళితే సముద్రం, నీళ్లు, అల, ఓడ, జాలరి, చేప అన్నీ ఒక్కచోటే. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం కూడా వర్గులుగా కూర్చిన పద్యాలే. అక్కడ అర్థం కలిసిన మాటలే పొరుగువారు. హార్బరులో ఆ తల్లికి అమరం చదివి వినిపిస్తే 'పక్కన ఏటుంది' అన్న ప్రశ్నకు ఆమె చుట్టూ ఉన్న ప్రపంచమే జవాబుగా వచ్చేది.

అకారాది క్రమం మనకు తర్వాత వచ్చింది. పందొమ్మిదో శతాబ్ది మొదట్లో మచిలీపట్నంలో మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను ఆ క్రమంలో కూర్చాడు. 1821లో క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు నిఘంటువుకు అదే ఆధారం. ఆ తరవాత 1850ల తొలినాళ్లలో సి.పి. బ్రౌన్ నిఘంటువులు వచ్చాయి. 1854లో ఆయన తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు తెచ్చాడు. నాకు అదంటే ప్రత్యేకమైన ఇష్టం. కచేరీలోనూ సంతలోనూ జనం నోట నలిగే మాటలకు కూడా పుస్తకంలో చోటుండాలని అనుకున్న మనిషి బ్రౌన్.

అకారాది అన్నా మన వరసకూ ఇంగ్లిష్ వరసకూ తేడా ఉంది. మన వర్ణమాల నోటి లోపలి నుంచి బయటికి నడుస్తుంది. కంఠంలో క, దవడల్లో చ, అంగిలి పైన ట, పళ్ల దగ్గర త, పెదాల మీద ప. తెలుగు నిఘంటువులో పక్కపక్క మాటలకు కనీసం శబ్దమైనా కలుస్తుంది. ఇంగ్లిష్ ఎ బి సి డి వరసకు అలాంటి లెక్క లేదు. అందుకే మన పిల్లలు తడబడతారు. అది వాళ్ల తెలివితక్కువ కాదు. చెవితో వెతకడం వర్ణమాల వాళ్లకు నేర్పిన పద్ధతి.

———
బాక్స్: ఎక్కడ వెతకాలి?

నైఫ్ కోసం ఎన్ పేజీలు తిప్పితే దొరకదు, కె దగ్గర ఉంటుంది. ఫోటో ఎఫ్‌లో ఉండదు, పిలో ఉంటుంది. సైకాలజీదీ పి ఇల్లే. జిరాక్స్ ఎక్స్‌లో. సిటీ, క్యాట్ రెండూ సిలోనే, శబ్దాలు మాత్రం వేరు.

ఇంగ్లిష్ వాళ్లూ ఒకప్పుడు ఇలాగే తడబడ్డారు. ఇంగ్లిష్ మాటలకు ఇంగ్లిష్‌లోనే అర్థాలిచ్చిన తొలి నిఘంటువు 1604లో రాబర్ట్ కాడ్రే వేసింది. అందులో ఉన్నవి సుమారు 2,500 మాటలే. అయినా ఎ తో మొదలయ్యే మాట పుస్తకం మొదట్లో, వి తో మొదలయ్యేది చివరి వైపు చూడాలని ఆయన ముందుమాటలో విడమరిచి చెప్పాల్సి వచ్చింది.
———

గరిటె, ఓడ సరుకు, అమ్మగారు

కూర్మన్నపాలెంలో ఉండే ఒక కార్మికుడు నాకు చాలాకాలంగా తెలుసు. ఉక్కు కర్మాగారానికి భూమి ఇచ్చిన కుటుంబం. నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు మీద ఉద్యోగం వచ్చింది. పనిచేసేది ఎస్ఎంఎస్‌లో, అంటే స్టీల్ మెల్టింగ్ షాపులో. లేడిల్ అనే మాట ఆయన రోజుకు యాభైసార్లు అంటాడు. నూరు టన్నులకు పైగా కరిగిన ఉక్కును పట్టే ఆ పాత్ర తల మీదుగా క్రేన్‌పై వెళుతుంటే కింద నిలబడి ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఒకరోజు కొడుకు నిఘంటువు తీసి, "నాన్నా, లేడిల్ అంటే గరిటె అంట" అన్నాడట.

"గరిటేట్రా! దాంట్లో మనిల్లు పట్టీద్ది" అన్నాడాయన. ఇది నాకు చెబుతూ ఎంత మురిసిపోయాడో. పప్పు వడ్డించే గరిటెకూ ఉక్కు పోసే లేడిల్‌కూ ఒకటే మాట అని తెలియడం ఆయనకు తన పనిని మళ్లీ కొత్తగా చూసినట్టు అనిపించింది.

ఆ పేజీ కూడా చూద్దాం. ల్యాడర్, లేడెన్, లేడింగ్, లేడిల్, లేడీ. నిచ్చెన, బరువెక్కిన, సరుకెక్కింపు, గరిటె, అమ్మగారు. లేడింగ్ మన పోర్టు మాట. ఓడలోకి సరుకు ఎక్కినట్టు ఇచ్చే కాగితం బిల్ ఆఫ్ లేడింగ్. కొత్తగా చేరిన గుమాస్తాలు దాన్ని ల్యాండింగ్ అనో లోడింగ్ అనో రాసి పెద్దవాళ్ల చేత దిద్దించుకుంటూనే ఉంటారు. 1933 అక్టోబరు 7న ఈ రేవులోకి తొలి ఓడ జలదుర్గ వచ్చింది. ఆ నాటి నుంచి ఇలాంటి కాగితాల మీదే ఇక్కడి సరుకు కదులుతోంది.

లేడెన్, లేడింగ్, లేడిల్ ఒకే తల్లి బిడ్డలు. పాత ఇంగ్లిష్‌లో ఎక్కించడం, తోడిపోయడం అనే అర్థాలున్న ఒక క్రియ నుంచి పుట్టాయి. అంటే పోర్టులో కళాసీ ఎక్కించే బరువుకూ, ప్లాంటులో కార్మికుడు పోసే ఉక్కుకూ, వంటింట్లో అమ్మ తోడే పులుసుకూ వేరు ఒకటే. పక్కనున్న లేడీ వీళ్లకు చుట్టం కాదు. ఆమె పుట్టుక 'రొట్టె పిండి పిసికే మనిషి' అనే పాత మాటలో ఉంది. రాణివాసం గౌరవం తరవాత వచ్చింది, మొదట ఉన్నది పిండి అంటిన చేతులే. మన దగ్గర లేడీ అని పిలిపించుకునే ఇళ్లలో పిండి ఎవరు పిసుకుతున్నారో కాసేపు ఆలోచించాలి.

పోర్టు చుట్టూ ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. ఓడల్లో సరుకు సర్దించే స్టీవ్‌డోర్ స్పానిష్ నుంచి వచ్చి స్టెతస్కోప్ పక్కన కూర్చున్నాడు. స్టీల్, స్టీల్ తెలుగులో రాస్తే ఒకటే, ఒకటి దొంగతనం, ఒకటి ఉక్కు. నిఘంటువులో ఆ రెంటి మధ్య స్టీమ్ ఉంటుంది. డ్రీమ్ తరవాత కాస్త కిందికి వెళితే డ్రెడ్జ్, అంటే పూడిక తీయడం. చిత్తడి నేలను తవ్వి కట్టిన రేవు కదా, ఆ రెండు మాటలు దగ్గరగా ఉండటం నాకు నచ్చింది.

———
బాక్స్: పందికొక్కు ప్రయాణం

బ్యాండేజ్, బందానా, బ్యాండికూట్, బ్యాండిట్. వరసగా కట్టు, తలగుడ్డ, పందికొక్కు, బందిపోటు. మొదటిది ఫ్రెంచి దారిలో, రెండోది హిందీ దారిలో ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. రెంటికీ మూలం 'కట్టడం' అనే అర్థమే, మన బంధం కూడా ఆ కుదురుదే. బ్యాండిట్ ఇటలీవాడు. బ్యాండికూట్ అచ్చంగా మన పందికొక్కు. ఆ పేరునే తరవాత ఆస్ట్రేలియాలో వేరే జంతువుకూ పెట్టారు. అక్కడి పిల్లలు రోజూ ఒక తెలుగు మాట పలుకుతున్నారు.
———

ఊరికి కష్టం నేర్పిన మాటలు

కొన్ని ఇంగ్లిష్ మాటలను విశాఖ బడిలో నేర్చుకోలేదు.

2020 మే 7 తెల్లవారుజామున విషవాయువు లీకై, ఆర్.ఆర్. వెంకటాపురం చుట్టుపక్కల జనం నిద్రలోంచి లేచి పరుగెత్తారు. పరుగెత్తుతూ దారిలోనే పడిపోయారు. కనీసం 12 మంది ప్రాణాలు పోయాయి. తెల్లారేసరికి ఊరంతటి నోటా ఒకటే మాట, స్టైరీన్. పెద్ద నిఘంటువులో అది స్టైల్, స్టైలస్ దాటిన తరవాత వస్తుంది. ఫ్యాషన్‌కూ కలానికీ దగ్గర్లో, ఊపిరి తీసే ద్రవం. ఆ పేజీ తిప్పినప్పుడల్లా నా చెయ్యి ఆగుతుంది.

మరో మాట డిజిన్వెస్ట్‌మెంట్. పత్రికల్లో మేం పెట్టుబడుల ఉపసంహరణ అని రాస్తాం. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కులో వాటా అంతా వదులుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ వార్త బయటికి వచ్చినప్పటి నుంచి టీ కొట్టు దగ్గర, ప్లాంటు గేటు దగ్గర, కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో ఈ నోరు తిరగని మాట అందరికీ తిరిగింది. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అంటూ రోడ్డెక్కి 32 మంది ప్రాణాలిచ్చిన ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన, 1992లో జాతికి అంకితమైన రోజు, ఇవన్నీ తెలిసిన ఊరు ఇది. కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకుంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అయినా ఆ మాట ఇక్కడి నోళ్లను వదల్లేదు.

నిఘంటువులో ఆ మాటకు పైన ఏమున్నాయో చూడండి. డిజిన్హెరిట్ అంటే వారసత్వం నుంచి తప్పించడం. డిసింటిగ్రేట్ అంటే ముక్కలు కావడం. డిసింటర్ అంటే పాతిపెట్టినదాన్ని తవ్వి తీయడం. డిజింటరెస్టెడ్ అంటే ఆసక్తి లేకపోవడమని చాలామంది అనుకుంటారు, జాగ్రత్తగా వాడేవాళ్లకు దాని అర్థం స్వలాభం చూసుకోకపోవడం, నిష్పాక్షికత. ఇంకొన్ని పేజీల అవతల డిస్‌ప్లేస్. చోటు తప్పించడం. అరవైకి పైగా ఊళ్లవాళ్లు ఆ మాటను ఆర్ కార్డు రూపంలో జేబులో దాచుకున్నారు. ఆ కార్డు చేతిలో పట్టుకుని ఉద్యోగం కోసం ముసలివాళ్లయినవాళ్లూ ఉన్నారు. డిస్‌ప్లేస్ దాటగానే డిస్‌ప్లే, ప్రదర్శన. అది దాటగానే డిస్‌ప్లీజ్, మనసు నొప్పించడం.

ఇవి ఒక వరసలో పడటం కేవలం అక్షరాల పొందిక, అందులో ఎవరి ఉద్దేశమూ లేదు. నాకు ఆ సంగతి తెలుసు. కానీ వారసత్వం పోవడం, ముక్కలు కావడం, పెట్టుబడి వెనక్కి పోవడం ఒకే పేజీలో చదివిన ఉక్కునగరం పిల్లకు ఆ మూడు మాటలూ ఇక మరపుకు రావు. మాట గుర్తుండాలంటే దానికి ఒక చోటు కావాలి, పక్కన మనుషులు కావాలి.

ఫోనులో పక్కిల్లు ఉండదు

ఇప్పుడు అర్థం కావాలంటే ఫోనులో కొడితే సరిపోతుంది కదా అంటారు. నిజమే. ఫోను తొందరగా చెబుతుంది, పలికి కూడా వినిపిస్తుంది. ఉచ్చారణ కోసం పిల్లలు దాన్ని వాడుకోవాల్సిందే. కానీ అడిగిన మాటను ఒంటరిగా తెచ్చి చేతిలో పెడుతుంది. దాని పైవాళ్లు ఎవరో, కిందివాళ్లు ఎవరో చెప్పదు. కేటమరాన్ కోసం వెళ్లిన పిల్లకు శుక్లం కనిపించదు, లేడిల్ కోసం వెళ్లిన పిల్లాడికి లేడీ తారసపడదు. ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడేవాళ్లు లేని పిల్లలకు ఈ అనుకోని పరిచయాలే ఎక్కువ అవసరం. ఉన్నవాళ్ల పిల్లలకు అవి భోజనాల బల్ల దగ్గర దొరుకుతాయి.

పైగా ఇక్కడి పిల్లలు ఖాళీ చేతులతో రావడం లేదు. బెర్తు, వించి, క్రేను, కోకు, స్లాగు, బిల్లెట్టు, డ్రెడ్జరు, జెట్టీ, నోరు తెరిస్తే ఇంట్లో ఇవే. అమ్మానాన్నలకు స్పెల్లింగు రాకపోవచ్చు, అర్థం మాత్రం చేతుల్లో ఉంది. నిఘంటువు ముందు పెట్టుకుని 'నాన్నా, ఇదేనా మీరనే మాట' అని పిల్ల అడిగినప్పుడు, చదువురాని తండ్రి ఆ ఇంట్లో కాసేపు గురువు అవుతాడు. ఏ ట్యూషన్ సెంటరూ ఇవ్వలేనిది ఇది.

అయితే చాలా ఇళ్లలో ఆ పుస్తకం అట్ట వేసింది వేసినట్టే బీరువా మీద ఉంది. చిరిగిపోతుందని భయం. కొన్ని బడుల్లో సంవత్సరాంతం దాకా దాన్ని తెరవమని ఎవరూ అనలేదు. వారానికి ఒక పీరియడు, పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన ఒక్క మాట, దాని పైది, దాని కిందిది. ఇంతకు మించి ఖర్చు లేదు.

ఉక్కు ఎక్కడుంది?

ఊరి పేరుతో పెనవేసుకున్న మాట ఉక్కు. ఇంగ్లిష్‌లో అది స్టీల్ దగ్గరే కాదు, ఇంకో చోట కూడా ఉంది. దక్కనులో మూసల్లో కరిగించి చేసిన మేలైన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అందుకు పేరుపడిన చోటు. ఆ లోహం గురించి 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించాడు. ఆ లోహాన్ని ఇంగ్లిష్‌లో వూట్జ్ అంటారు. కన్నడ, తెలుగుల్లోని ఉక్కే, ఎక్కడో అచ్చు తప్పు పడి వూట్జ్‌గా మిగిలిందని నిఘంటుకారుల అభిప్రాయం.

పిల్లల నిఘంటువుల్లో అది దొరకకపోవచ్చు. ఈసారి ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వైపు వెళితే మీ పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ఉన్నవాటిలో పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు అడిగి డబ్ల్యూ పేజీలు తీయించండి. వూట్జ్ దగ్గర వేలు పెట్టించి, పక్కన ఏముందో చదవమనండి. వెంటనే వూజీ ఉంటుంది, అంటే తల తిరుగుతున్న అని. ఇంకొంచెం కిందికి దిగితే వర్డ్ ఉంటుంది. మాట.